మీ వీధి పిల్లలతో సైన్స్ గ్రూపు నడపడం ఎలా? ల్యాబ్ అక్కర్లేదు, మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు చాలు

విజయవాడలోనో గుంటూరులోనో ఒక మామూలు వీధిలో ఉంటూ, చుట్టుపక్కల ఆరు నుంచి తొమ్మిదో తరగతి చదివే పిల్లల్ని ఓ పది మందిని పోగేసి ఆదివారం పూట ఏదన్నా సైన్స్ చేయిద్దాం అనుకుని, మళ్ళీ "నేనేమన్నా టీచర్నా, నా దగ్గర ల్యాబ్ ఉందా" అని ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. డిగ్రీ కుర్రాళ్ళు, ఇంటి పట్టున ఉండే అక్కలు, రిటైరైన మాస్టార్లు ఎవరైనా పర్లేదు. నన్నడిగితే టీచర్ కాకపోతేనే కొంచెం సులువు, పిల్లలు అడ్డంగా ప్రశ్న వేసినప్పుడు "అది సిలబస్‌లో లేదు కూర్చో" అనే అలవాటు మీకు ఉండదు కాబట్టి.

మన పిల్లలకి సైన్స్ మీద ఇంట్రెస్ట్ లేదు అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని చేర్పించి, పొద్దున్నే స్టడీ అవర్, శనివారం వీక్లీ టెస్టు, సోమవారం ర్యాంకుల లిస్టు, ఇలా నాలుగేళ్ళు తిప్పితే ఎవడికైనా విసుగొస్తుంది. వాళ్ళు చేసే ప్రతి పనీ మార్కుల దగ్గర మొదలై మార్కుల దగ్గరే ఆగిపోతోంది, ఇంకెవరికీ దాంతో పని లేదు. మీ గ్రూపులో జరగాల్సింది ఒక్కటే, పిల్లలు కొలిచి చెప్పిన సంగతి వీధిలో ఎవరికో ఒకరికి నిజంగా అవసరం పడాలి, పెద్దవాళ్ళు వాళ్ళని ఆపి అడగాలి. అది జరిగితే మీరు పిలవకపోయినా వస్తారు. కింద రాసేవన్నీ అక్కడికి చేరడానికే.

1. పిల్లల్ని తర్వాత పోగేద్దురు, ముందు ప్రశ్నని వెతకండి

చాలామంది ముందు వాట్సాప్ గ్రూపు పెట్టి, పేరు పెట్టి, లోగో కూడా చేసేసి, తర్వాత ఏం చేద్దాం అని ఆలోచిస్తారు. అలా కాదు. ఒక సాయంత్రం మీ వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి, కిరాణా కొట్టు దగ్గర, కుళాయి దగ్గర, టీ బండి దగ్గర జనం దేని గురించి గొణుక్కుంటున్నారో వినండి. నీళ్ళు, దోమలు, ఎండ, డ్రైనేజీ, లో ఓల్టేజీ, ఏదో ఒకటి ఉంటుంది. ఎవరికీ సమాధానం ఖచ్చితంగా తెలియని ప్రశ్న పట్టుకోండి, మీకు కూడా తెలియకపోతే ఇంకా మంచిది. కొలవడానికి వీలుండాలి, ఒక నెలా నెలన్నరలో తేలిపోవాలి, అంతే.

ప్రశ్న ఏరియాని బట్టి మారిపోతుంది. సింగ్‌నగర్, పాయకాపురం వైపైతే వరద. కృష్ణలంకలో ఐతే కృష్ణ ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ లేకపోతే 2024 వరదలో నీళ్ళు మన వీధిలో ఎక్కడిదాకా వచ్చేవి అని. మొగల్రాజపురం, వన్‌టౌన్ కొండల మీద ఇళ్ళున్నవాళ్ళకి పై మెట్ల ఇంటికి కుళాయి ఎందుకు సన్నగా వస్తుంది అని. ఇబ్రహీంపట్నం పక్కనున్నవాళ్ళకి థర్మల్ స్టేషన్ ఉంది కాబట్టి మేడ మీద ఆరేసిన బట్టల మీద బూడిద ఏ నెలల్లో ఎక్కువ పడుతుంది, గాలి ఎటు నుంచి ఉన్నప్పుడు పడుతుంది అని. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఐతే చెప్పక్కర్లేదు, సీజన్లో తుమ్ములు ఎంత దూరం దాకా వస్తాయో ఒక మ్యాప్ గియ్యొచ్చు, నవ్వులాటగా మొదలై గాలి వాటం, ఘాటు, మిరపకాయకి ఆ ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అన్నీ వచ్చేస్తాయి.

బ్లాక్ హోల్స్, మార్స్ మీద ఇళ్ళు, ఏఐ లాంటివి మొదటి రోజే ఎత్తుకోకండి. అవి వినడానికి బాగుంటాయి, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, వచ్చే వారం సగం మంది రారు. విన్నాక వాళ్ళు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు కదా మరి.

2. చోటు, టైము, అమ్మానాన్నలు

చోటు విషయంలో కొంచెం జాగ్రత్త. గుడి మండపం ఫ్రీగా దొరుకుతుంది కానీ కొందరు పిల్లల్ని వాళ్ళ ఇంట్లో పంపరు, చర్చి హాలు ఐతే ఇంకొందరు పంపరు, ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ ఐతే వాచ్‌మన్ పిల్లలు, వెనక లైన్లో రేకుల షెడ్లలో ఉండే పిల్లలు లోపలికి రావడానికి జంకుతారు. మున్సిపల్ పార్కు, కమ్యూనిటీ హాలు, ఆదివారం ఖాళీగా ఉండే మున్సిపల్ స్కూలు వరండా, ఇలాంటివి చూస్కోండి. స్కూలు ఐతే హెడ్మాస్టర్ గారిని ముందే కలిసి పర్మిషన్ తీస్కోండి.

టైము పొద్దున ఏడు నుంచి తొమ్మిది. మన ఎండల సంగతి తెలిసిందే, మార్చి దాటితే తొమ్మిదిన్నరకి బయట నిలబడలేం. మొదలుపెట్టడానికి జూలై, ఆగస్టు బాగుంటాయి, కొత్త క్లాసులు కుదురుకుని ఉంటాయి, వానలుంటాయి కాబట్టి కొలవడానికి బోలెడుంటాయి. ఎండాకాలం సెలవుల్లో పెడితే సగం మంది అమ్మమ్మ గారింటికి పోతారు. పదో తరగతి వాళ్ళని బతిమాలకండి, ఇంట్లో పంపరు, పంపినా మనసు ఇక్కడ ఉండదు.

అమ్మానాన్నల్ని ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే. "దీనివల్ల మార్కులొస్తాయా" అని అడుగుతారు, రావని చెప్పండి, వస్తాయని చెప్తే తర్వాత యూనిట్ టెస్టులో తగ్గినప్పుడల్లా మీ మీదకొస్తారు. వారానికి రెండు గంటలు, ఎక్కడ ఉంటాం, ఎవరు ఉంటారు, ఎన్నింటికి ఇంటి దగ్గర దింపుతాం, ఇవి స్పష్టంగా చెప్పి కాయితం మీద సంతకం తీస్కోండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్ళు ఐతే అమ్మాయిల్ని పంపడానికి ఇంట్లో వెనకాడరు. పిల్లల ఫోటోలు అడక్కుండా స్టేటస్‌లు పెట్టకండి. ఇంకోటి, కాలువల జోలికి వద్దు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, కృష్ణ ఘాట్లు, ఏదైనా సరే పిల్లలు నీళ్ళ దగ్గరికి దిగకూడదు, శాంపిల్ కావాలంటే పెద్దవాళ్ళు తెచ్చివ్వాలి, దీంట్లో బేరం లేదు.

పది పన్నెండు మంది చాలు, ఇరవై దాటితే అది ట్యూషన్ ఐపోద్ది. కార్పొరేట్ స్కూలు పిల్లలు, మున్సిపల్ స్కూలు పిల్లలు కలిసి ఉండేలా చూడండి, మొదటి రోజు "ఏ స్కూలు? ఎంత ర్యాంకు?" అనే ప్రశ్నని బ్యాన్ చేసెయ్యండి. సగం మంది ఇంగ్లీష్ మీడియంలో డెఫినిషన్ అప్పజెప్తారు, మిగతా సగం మంది పైపు పట్టుకోవడం, స్పానర్ తిప్పడం తెలిసినవాళ్ళు ఉంటారు, రెండు వారాల్లో ఎవరు ఎవర్ని అడగాలో వాళ్ళకే తెలిసిపోతుంది.

3. వీధిలోనే మాస్టారు ఉన్నాడు, పోయి అడగండి

మేస్త్రీలు, ప్లంబర్లు, మోటార్ వైండింగ్ షాపు వాళ్ళు, ఏసీ మెకానిక్కులు, మెడికల్ షాపులో పనిచేసేవాళ్ళు, ఆశా వర్కర్లు, వీళ్ళందరి దగ్గరా సైన్స్ ఉంది, కాకపోతే దానికి ఆ పేరు లేదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో లూయిస్ మోల్ అనే ఆయన, ఇంకొందరు పరిశోధకులు, అక్కడి స్కూలు టీచర్లు కలిసి వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాల ఇళ్ళకి పోయి వాళ్ళకి ఏమేం తెలుసో రాసుకున్నారు, పంటలు, రిపేర్లు, ఇళ్ళు కట్టడం, మూలికలు, లెక్కలు చాలా బయటపడ్డాయి, వాటినే క్లాసులో పాఠాలుగా మార్చారు, 1992లో దాని మీద పేపర్ రాశారు. చదువులేని ఇళ్ళు అని టీచర్లు అనుకున్నవే ఆ ఇళ్ళు. పటమట దాటి ఆటోనగర్లోకి పోతే మనకి అంత దూరం ఆలోచించాల్సిన పనే లేదు, లారీ కింద బరువు మోసే కమాన్ కట్టలు ఎందుకు అన్ని పట్టీలుగా పేరుస్తారు, ఒకటే మందపాటి ఇనప పట్టీ ఎందుకు వెయ్యరు అని అక్కడ ఏ లారీ మెకానిక్కునైనా అడిగి చూడండి.

అడిగే పద్ధతి ముఖ్యం. "సార్, మా పిల్లలకి సైన్స్ క్లాస్ చెప్తారా" అంటే ఆయన భయపడిపోయి "నేనేం చదువుకున్నానమ్మా" అని తప్పించుకుంటాడు. "మేస్త్రిగారూ, లెవెల్ పైపు ఎలా పట్టాలో మా పిల్లలకి ఒక్కసారి చూపిస్తారా" అనండి, వస్తాడు. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, ఎందుకలా చేస్తారు, చెయ్యకపోతే ఏమవుద్ది, అది మీకెలా తెలిసింది, ఈ మూడూ అడగమని. మూడోదానికి వచ్చే సమాధానమే అన్నిటికంటే బాగుంటుంది, ఎక్కడో ఒక గోడ వంకరొచ్చిన కథ బయటికొస్తుంది. ఆయన పని మానుకుని వస్తే ఆ పూట కూలి ఇవ్వండి, టీ బిస్కెట్‌తో సరిపెట్టకండి. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి గెస్ట్ వస్తే శాలువా కప్పి కారు ఛార్జీలిస్తాం కదా.

4. మొదటి ప్రాజెక్టు: వీధి ఎత్తుపల్లాల మ్యాప్

నన్నడిగితే విజయవాడలో మొదటి ప్రాజెక్టు ఇదే చెయ్యాలి, కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను, మిగతావి మీరే అల్లుకుంటారు.

2024 సెప్టెంబరు 1 వరద గుర్తుంది కదా. మామూలుగా బుడమేరు వాగు కొల్లేరు సరస్సు వైపు పోతుంది, వరద వస్తే వెలగలేరు దగ్గర్నుంచి డైవర్షన్ కాలువలోకి తిప్పి కృష్ణలో కలుపుతారు, కానీ ఆ రోజు కృష్ణే నిండి ఉంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు కాలువకి గండ్లు పడ్డాయి, నీళ్ళన్నీ సింగ్‌నగర్ చుట్టుపక్కలకొచ్చాయి. ఇదంతా పేపర్లో వచ్చిందే. పేపర్లో రానిది ఏంటంటే, మీ వీధిలో నాలుగో ఇంట్లో నడుము లోతు ఉండి, ఎదురు వరసలో చివరి ఇంట్లో మోకాళ్ళ లోతే ఎందుకుంది అని. దాని మీద ఇప్పటికీ వాదనలు జరుగుతుంటాయి, "మీ ఇల్లు ఎత్తులో ఉందిలే", "ఏం కాదు, మీరు గేటు ముందు ర్యాంప్ వేసి నీళ్ళు మా మీదకి తోశారు" అని. వరద రాని వీధి ఐతే మామూలు వానకి ఎక్కడ నిలుస్తాయో దాంతోనే చెయ్యండి.

సామాన్లు: హార్డ్‌వేర్ షాపులో లెవెల్ పైపు అని అడిగితే ఇస్తారు, లోపల నీళ్ళు కనపడేది, 15 నుంచి 20 మీటర్లు తీస్కోండి. రెండు నిటారు కర్రలు, రెండు టైలర్ టేపులు, ఒక బకెట్, చాక్‌పీసులు, పొడుగు నోట్‌బుక్కు. టేపుల్ని కర్రలకి కింద సున్నా వచ్చేలా అంటించండి. టేపు 150 సెంటీమీటర్లే ఉంటుంది, మన పనికి అది చాలు.

నీళ్ళు నింపడంలోనే ఒక పాఠం అయిపోతుంది. బకెట్‌ని స్టూలు మీద పెట్టి, పైపు ఒక చివర అందులో ముంచి, రెండో చివర పీల్చి కిందకి దించితే నీళ్ళు వాటంతట అవే లాక్కుంటాయి. తాగే నీళ్ళే వాడండి, ఎవడో ఒకడు మింగుతాడు. కొంచెం ఇంకు చుక్క వేస్తే బాగా కనపడుతుంది, పీల్చడం అయ్యాక వెయ్యండి. లోపల గాలి బుడగలు ఒక్కటి కూడా ఉండకూడదు, పైపుని తడుతూ పైకి తోలెయ్యాలి. చెకింగ్ ఎలా అంటే రెండు చివర్లూ పక్కపక్కన పట్టుకుంటే నీళ్ళు ఒకే గీత మీద ఉండాలి, లేదంటే ఎక్కడో బుడగ దాక్కుంది.

ఇప్పుడు వీధిలో కదలని చోటు ఒకటి ఎంచుకోండి, గుడి మెట్టో, కల్వర్టు గట్టో. దాన్ని సున్నా అనుకుందాం. ఒక పిల్లాడు అక్కడ కర్ర నిలబెట్టి పైపు చివర పట్టుకుంటాడు, ఇంకో అమ్మాయి పైపు పొడుగు ఉన్నంత దూరం పోయి అక్కడ కర్ర నిలబెడుతుంది. నీళ్ళు ఊగడం ఆగాక ఇద్దరూ ఒకేసారి రీడింగ్ చెప్పాలి. ఇక్కడ 80, అక్కడ 95 వచ్చిందనుకోండి, అక్కడి నేల ఎత్తా పల్లమా? దాదాపు అందరూ ఎత్తు అనే అంటారు, 95 పెద్ద నంబరు కదా అని. మీరు నోరెత్తకండి. వాళ్ళని కొట్టుకోనివ్వండి, కాసేపటికి ఎవరో ఒకరు "ఒరేయ్, నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తులో ఉన్నాయి, కింద నేలే దిగిపోయిందిరా" అంటారు. ఆ ముక్క మీరు చెప్పేస్తే ఆ ఆదివారం వృథా.

ఇలా ఒక గేటు నుంచి ఇంకో గేటుకి గొలుసులా పోతూ, కదిలేటప్పుడు పైపు చివర్లు బొటనవేలుతో మూసి పట్టుకుంటూ, మొత్తం వీధి తిరిగి మళ్ళీ గుడి మెట్టు దగ్గరికే రావాలి. వచ్చాక లెక్క సున్నా రావాలి కదా, రాదు. మూడు నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఎక్కడ పోయింది? ఎవరో కర్ర వంచి పట్టుకున్నారు, ఎవరో నీళ్ళు ఊగుతుండగానే చదివేశారు, పైపులో సగం ఎండలో కాగుతూ సగం నీడలో ఉంది. పుస్తకంలో ఎర్రర్ అనే చాప్టర్ చదివి బట్టీ కొట్టినవాళ్ళకి కూడా ఎర్రర్ అంటే ఏంటో ఇక్కడే అర్థమవుతుంది. పది సెంటీమీటర్లు దాటితే మళ్ళీ కొలవమనండి, రెండు మూడైతే ఎంత తేడా వచ్చిందో మ్యాప్ మీద రాసి ముందుకి పోండి.

ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు, "అన్నా, ఫోన్లో జీపీఎస్ ఉంది కదా, ఇంత గోల ఎందుకు" అని. వద్దనకండి. ఒకే మెట్టు మీద నాలుగు ఫోన్లు పెట్టి ఎత్తు చూడమనండి, మీటర్ల తేడాలొస్తాయి, పావుగంట తర్వాత చూస్తే అవి కూడా మారిపోతాయి. ఫోను కంటే మేస్త్రి పైపే నయం అని వాళ్ళే తేల్చుకుంటారు.

తర్వాతది అసలు మజా. ప్రతి గేటు దగ్గరా వరద ఎంత లోతొచ్చిందో అడగాలి, గోడ మీద చార ఇంకా ఉంటే కొలవాలి. నిలిచిన నీళ్ళు పైన బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి, నేల ఎత్తుకి లోతు కలిపితే అన్ని ఇళ్ళ దగ్గరా ఒకటే నంబరు రావాలి. ఉదాహరణకి ఒక గేటు దగ్గర నేల గుడి మెట్టు కంటే 20 సెంటీమీటర్లు పల్లం, లోతు 110, అంటే వరద మట్టం మెట్టు మీద 90. ఇంకో గేటు మెట్టు కంటే 15 ఎత్తు, అక్కడ లోతు 75, మళ్ళీ 90 వచ్చింది. ఇది కుదిరినప్పుడు పిల్లలు అరిచే అరుపు వినాలి. మూడో ఇంటావిడ "గొంతు దాకా వచ్చాయమ్మా" అంటుంది, లెక్క ప్రకారం అక్కడ 95 ఉండాలి. ఆవిడ అబద్ధం చెప్పిందా? కాదు, ఆవిడ మెట్టు దిగి కాలువ పక్కన నిలబడి ఉండొచ్చు, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని భయంతో ఉండొచ్చు, లేదా నీళ్ళు అక్కడ నిలవకుండా పారుతూ ఉండి ఉండొచ్చు, పారే నీళ్ళ పైభాగం బల్లపరుపుగా ఉండదు. పోయి మళ్ళీ అడగాలి, మర్యాదగా. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ రోజుల్లో మేడ మీద తిండీ నీళ్ళూ లేకుండా ఇరుక్కుపోయిన పిల్లలు మీ గ్రూపులోనే ఉండొచ్చు, వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, మీరు గుచ్చి అడక్కండి.

చివరికి ఒక పెద్ద చార్టు మీద వీధి గీసి, పల్లం ఉన్నచోట ముదురు నీలం, ఎత్తు ఉన్నచోట లేతగా రంగు వేసి కిరాణా కొట్టు గోడకి అంటించండి. నీళ్ళొస్తే ముందు ఎవరి గేటు మునుగుద్ది, బండ్లు ఎక్కడికి తోలాలి, అన్నీ దాంట్లో కనపడతాయి. పెద్దాయన ఒకాయన వచ్చి "ఏరా, మా గేటు దగ్గర ఎంతొచ్చింది" అని ఏడో తరగతి పిల్లాణ్ణి అడుగుతాడు చూడండి, ఆ పిల్లాడు తర్వాతి వారం మీకంటే ముందే వచ్చి కూర్చుంటాడు.

5. తర్వాత ఏం చెయ్యొచ్చు

వాటర్ ప్యూరిఫయర్ అమ్మేవాళ్ళు ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో ఇనప చువ్వలు పెట్టి కరెంటిస్తే మన కుళాయి నీళ్ళు ఎర్రగా మడ్డిలా మారి, వాళ్ళ ఫిల్టర్ నీళ్ళు తేటగా ఉండే ట్రిక్ ఒకటి ఉంది కదా, పిల్లల చేత దాని గుట్టు విప్పించండి. 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఇనప మేకులు చాలు, ఇంట్లో కరెంటు ప్లగ్గు జోలికి అస్సలు పోవద్దు. ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టండి, కాసేపటికి అవి కూడా మడ్డిగా అవుతాయి. ఆ రంగు నీళ్ళలో మురికి కాదు, మేకు కరిగి వచ్చిన ఇనుము, ఉప్పులు ఉన్న నీళ్ళలో కరెంటు బాగా పోతుంది కాబట్టి అలా అవుతుంది. గాలి తగిలే చోట చెయ్యండి, తర్వాత ఆ నీళ్ళు పారబొయ్యండి. దీనితో పాటు నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, వందల్లోనే వస్తుంది, మున్సిపల్ నీళ్ళు, బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు కొలిచి పట్టిక వెయ్యండి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టుకున్నది లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. కానీ టీడీఎస్ తక్కువుంటే మంచినీళ్ళు అని పిల్లలు ఇంట్లో చెప్పేస్తారు, అది తప్పు, ఆ మీటరుకి సూక్ష్మక్రిములు కనపడవు. ఈ తేడా వాళ్ళ బుర్రకి ఎక్కేదాకా పట్టిక గోడకి అంటించకండి.

ఎండాకాలం ఐతే సున్నం కొట్టిన స్లాబు కింద, కొట్టని స్లాబు కింద, రేకుల కింద, వేప చెట్టు కింద థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం మూడింటికి చూడండి. థర్మామీటర్ మీద నేరుగా ఎండ పడకూడదు, పడితే గాలి వేడి కాదు, థర్మామీటర్ ఎంత కాగిందో అది చూపిస్తుంది. వానాకాలంలో దోమ పిల్లల సర్వే. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా మామూలుగా ఎనిమిది పది రోజులు పడుతుంది, వారానికోసారి తొట్లు, కూలర్లు, కొబ్బరి చిప్పలు బోర్లించి ఆరబెడితే ఆ గొలుసు తెగిపోతుంది, ఫ్రైడే డ్రై డే అనేది అందుకే. ఏ ఇంట్లో దొరికాయో పేరుతో బయట పెట్టకండి, గొడవలైపోతాయి, లైన్ల వారీగా చెప్తే చాలు.

6. ఉత్సాహం చంపకుండా ఉండాలంటే

ప్రైజులు వద్దు. పెన్నులు, మెడల్స్, బెస్ట్ స్టూడెంట్ షీల్డులు ఏవీ వద్దు. ఇది నా చాదస్తం కాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు బొమ్మలెయ్యడం ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి బయటికొచ్చింది. బొమ్మేస్తే సర్టిఫికెట్ ఇస్తాం అని ముందే ఆశపెట్టి వేయించిన పిల్లలు, తర్వాత ఊరికే ఆడుకునే టైములో రంగుల జోలికి పోవడం తగ్గించేశారు. చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్ళకి, అసలు ఇవ్వనివాళ్ళకి అలా కాలేదు. కాబట్టి ఏదన్నా ఇవ్వాలనిపిస్తే ముందు చెప్పకుండా ఒకరోజు అందరికీ కలిపి ఐస్‌క్రీమ్ తినిపించండి. డెసి, రయాన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇదే విషయం మీద దశాబ్దాలు పనిచేసి చెప్పింది ఏంటంటే మనిషికి తనంతట తను ఎంచుకున్నాననే భావన, నాకు చేతనవుతోందనే నమ్మకం, నావాళ్ళతో ఉన్నాననే తృప్తి, ఈ మూడూ కావాలి అని. ఆచరణలో చెప్పాలంటే రెండో ప్రాజెక్టు ఏంటో పిల్లలే ఓటేసి తేల్చాలి, పని ముక్కలు చేసి ప్రతివాడూ చేసేలా ఇవ్వాలి, రాని పిల్లాడి ఇంటికి తోటి పిల్లాడే పోయి పిలవాలి.

ఒకటి గమనించండి, వదిలేస్తే అబ్బాయిలు పైపు, కర్ర, బ్యాటరీ పట్టుకుంటారు, అమ్మాయిలు చేతిరాత బాగుంటుందని నోట్‌బుక్కు రాస్తూ కూర్చుంటారు. ప్రతి వారం డ్యూటీలు మార్చండి, అబ్బాయిల గొడ్డు రాత చదవలేక తిట్టుకున్నా పర్లేదు.

ఒక రోజు ఏమీ కుదరదు, మీటర్ పనిచెయ్యదు, వాన పడుద్ది. అప్పుడు మీరు కంగారుపడి యూట్యూబ్ వీడియో పెట్టెయ్యకండి. ఎందుకు కుదరలేదో పిల్లల్నే వెతకమనండి. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్ళతో మొదలైన సైన్స్ ప్రోగ్రాం ఇలా చవక సామాన్లతో పిల్లలే చేసి చూసుకునే పద్ధతి మీదే మూడు దశాబ్దాలు నడిచింది.

7. పోటీలు, ఎగ్జిబిషన్లు

జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి నడుస్తోంది, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ చుట్టుపక్కల సమస్య మీద ప్రాజెక్టు చెయ్యాలి, మన పైపు మ్యాప్ దానికి సరిగ్గా సరిపోతుంది. ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకానికైతే ఐడియా స్కూలు ద్వారా పంపాలి, ఎంపికైతే మోడల్ తయారు చేసుకోవడానికి పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు నడిపే చెకుముకి అనే పిల్లల సైన్స్ పత్రిక తెప్పించండి, పిల్లల చేత చదివించండి. ఇవన్నీ మంచివే కానీ వీటి కోసం గ్రూపు పెట్టకండి. పోటీ అనగానే అమ్మానాన్నలు రంగంలోకి దిగుతారు, షాపులో రెడీమేడ్ మోడల్ కొనుక్కొచ్చి థర్మాకోల్ అగ్నిపర్వతం పెట్టేస్తారు. ముందు పని అయిపోనివ్వండి, అయ్యాక సరిపోయే పోటీ ఉంటే పంపుదురు.

మీ ఎగ్జిబిషన్ మీ వీధిలోనే పెట్టండి, ఫిబ్రవరి 28 సైన్స్ డే దగ్గరలో వచ్చే ఆదివారం సాయంత్రం, రెండు బల్లలు, ఒక ట్యూబ్‌లైటు. ఎమ్మెల్యేనో కార్పొరేటర్నో పిలిస్తే గంటన్నర ఆయన కోసం ఎదురుచూడ్డంతోనే సరిపోద్ది. లెవెల్ పైపు చూపించిన మేస్త్రిగారి చేత మొదలుపెట్టించండి. మ్యాప్ కాపీ ఒకటి వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీస్కోండి, ఇచ్చేటప్పుడు పిల్లలే మాట్లాడాలి, మీరు వెనక నిలబడండి. అక్కడ ఏమీ జరక్కపోవచ్చు, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పండి, నెల తర్వాత మళ్ళీ పోయి అడగడం కూడా ప్రాజెక్టులో భాగమే.

8. జనం తగ్గినప్పుడు, సామాన్ల సంగతి

దసరా సెలవుల తర్వాత, ఎస్ఏ పరీక్షల ముందు తగ్గుతారు. నలుగురే వచ్చినా ఆపొద్దు, ఆ నలుగురితో చిన్న కొలత ఏదన్నా చేసి గోడ మీద రాయండి. మూడు వారాలు వరసగా ఎవరూ రాకపోతే ప్రశ్న పాతబడిపోయిందని అర్థం, మళ్ళీ టీ బండి దగ్గరికి పోయి వినండి.

సామాన్లు మీ ఇంట్లో పెట్టుకోకండి, పెట్టుకుంటే గ్రూపు మీదై పోతుంది, మీకు జ్వరమొస్తే ఆ వారం ఏమీ జరగదు. తొమ్మిదో తరగతి వాళ్ళలో ఇద్దరికి పెట్టె, తాళం ఇవ్వండి, వాళ్ళు పదిలోకి పోయేటప్పుడు కింది క్లాసు వాళ్ళకి అప్పజెప్పాలి. పైపులో నీళ్ళు పూర్తిగా వంపేసి, చుట్ట చుట్టి నీడలో వేలాడదియ్యాలి, లేకపోతే లోపల నాచు పట్టి మళ్ళీ నీళ్ళు కనపడవు. టీడీఎస్ మీటర్లో బ్యాటరీలు తీసి విడిగా పెట్టమనండి. కొలతల నోట్‌బుక్కు మాత్రం ప్రతి ఆదివారం ఫోటో తీసి గ్రూపులో వేయించండి, ఎలుకలు కొట్టినా వానకి తడిసినా లెక్కలు పోకుండా ఉంటాయి.